అడగకుండా నింపిన గడి

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం బిడ్డకు జబ్బు చేస్తుందని కాదు. బిడ్డకు ఏదో అవుతోందని తాను చెబితే ఎవరూ నమ్మరని.

ఆ భయానికి ఇంట్లో వాళ్లు పెట్టిన పేరు కంగారు. పెళ్లై వచ్చిన ఈ ఆరేళ్లలో ఆ మాట ఆమెకు సొంత పేరుకన్నా ఎక్కువ అలవాటైపోయింది. పొద్దున్నే పెద్దదానికి, అంటే నాలుగేళ్ల కూతురికి, మొహం కడుగుతూ అరచెయ్యి నుదుటి మీద పెట్టి చూస్తుంది, తర్వాత మెడ కింద చూస్తుంది, ఆ తర్వాత నాలుక చాపమంటుంది. "ఇదిగో, తనిఖీ మొదలైంది" అంటాడు భర్త అద్దం ముందు తల దువ్వుకుంటూ. "నా కొడుకుని పెంచేటప్పుడు నేనేం నాలుకలు చూసుకుంటూ కూర్చోలేదమ్మా. వాడు పెరగలేదా? గుమ్మానికి తల తగిలేంత అయ్యాడు" అంటుంది అత్త. ఆ ఇద్దరి చేతుల్లోనూ ఆమె కాచిన టీ పొగలు కక్కుతుంటుంది. ఆమె గ్లాసు మాత్రం కిటికీ దగ్గర మీగడ కట్టి చల్లారిపోయి ఉంటుంది. గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి, వంట చేసి, భర్త డబ్బా కట్టి, పిల్లకు మధ్యాహ్నం పెట్టాల్సినవి మూతలు పెట్టి వరసగా సర్ది, ఏది ఎప్పుడు పెట్టాలో అత్తకు రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పబోయి నాలిక్కరుచుకుని ఆమె గడప దాటేసరికి ఎనిమిదిన్నర. ఇప్పటిదాకా చేసిందాన్ని ఆ ఇంట్లో ఎవరూ పని అనరు. పని అంటే ఆమె ఎక్కే బస్సు అవతలి కొసన ఉండేది మాత్రమే.

ఆ పని ఆస్పత్రిలో, పాత ఫైళ్లు దాచే గదిలో. ఇనుప అరలు, నిచ్చెన, దుమ్ము, ఒకే ఒక్క కిటికీ. పెద్దవాళ్ల ఫైళ్లకు గోధుమరంగు అట్ట, పిల్లల ఫైళ్లకు గులాబిరంగు అట్ట. ఎవరైనా నంబరు రాసిన చీటీ పంపితే ఆ ఫైలు వెతికి తేవాలి, పని అయ్యాక మళ్లీ దాని చోట పెట్టాలి. తల్లి మంచాన పడితే ఆమె తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసింది. తమ్ముడు మానలేదు. అయినా డాక్టర్ల రాత చదవడంలో ఆ గదిలో ఆమె తర్వాతే ఎవరైనా. "ఫైలమ్మా, ఈ కోడి గెలికిన రాతేంటో కాస్త చూసిపెట్టు" అని పెద్దగుమాస్తా రోజుకు పదిసార్లు పిలుస్తాడు. చదివి పెట్టాక, "వెళ్తూ వెళ్తూ ఆ టీ గ్లాసులు కూడా కడిగెయ్యమ్మా, రెండు నిమిషాల పనే కదా" అంటాడు.

అక్కడ ఉద్యోగం చూసింది భర్తే. పెద్దదాని తర్వాత పుట్టిన చిన్నది పోయి ఎనిమిది నెలలైనా ఆమె ఉయ్యాల కట్టిన కొక్కెం వైపు చూస్తూ కూర్చోవడం మానకపోతే, "ఇలా అయితే పిచ్చెక్కుతుంది. మా కొట్టు యజమానికి తెలిసినవాళ్లున్నారు, రేపట్నించి వెళ్లు" అన్నాడు. ఏ ఆస్పత్రో తెలిశాక ఆమె, "అక్కడేనా?" అంది. "ఆస్పత్రి ఆస్పత్రే. ఏదైతే ఏంటి?" అన్నాడు.

చిన్నది అక్కడే పోయింది. గులాబి అట్టల వరసలో కింది నుంచి రెండో అరలో దాని ఫైలు ఉందని ఆమెకు తెలుసు. నంబరు నోటికి వచ్చు. పది నెలలుగా ఆ అర ముందు వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా తల పక్కకు తిప్పుకుని నడుస్తోంది. పోయిన పిల్లల ఫైళ్లు ఎవరూ అడగరు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఒకపక్క ధైర్యంగా ఉండేది, ఇంకోపక్క దాన్ని అందరూ మరిచిపోయారనిపించేది.

ఆ గదిలోకి ఒకరోజు కొత్తమనిషి వచ్చింది. యాభై దాటిన మనిషి, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, చంకలో కంప్యూటరు. పదిహేనేళ్లు నర్సుగా చేసి, ఇప్పుడు పైచదువు చదువుతోందట. ఆస్పత్రుల్లో నిర్ణయాలు ఎలా జరుగుతాయో అన్నదే ఆమె చదువు.

"నిర్ణయాల మీద చదువా!" అని పెద్దగుమాస్తా నోరు తెరిచాడు. "మా ఇంటికి రమ్మనండి మేడం. ఏం కూర వండాలో తేల్చడానికే మా ఆవిడా మా అమ్మా రెండు గంటలు సభ పెడతారు. అక్కడ మీకు పుస్తకం కాదు, పుస్తకాల బీరువా వస్తుంది."

మేడం నవ్వలేదు. "ఆ రెండు గంటల్లో మీరేం చేస్తుంటారు?" అంది. గుమాస్తా దగ్గి, ఫైలమ్మను ఆమెకు అప్పజెప్పి బయటికి నడిచాడు.

మేడంకు కావలసినవి, ఆస్పత్రికి వచ్చి, ఇంటికి పంపేస్తే, రెండు రోజుల్లోపు మళ్లీ తిరిగొచ్చిన పిల్లల ఫైళ్లు. కిటికీ పక్కన బల్ల వేసుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. "నువ్వు చదువు, నేను టైపు కొడతాను. నీ కళ్లు నాకన్నా నయం" అంది మేడం. తప్పు ఎవరిదో వెతకడం తన పని కాదని కూడా చెప్పింది. ఆ నిమిషంలో అక్కడున్న డాక్టరుకి, నర్సుకి ఏం కనపడింది, ఏం వినపడింది, అందులోంచి ఏం తీసుకుని ఏం వదిలేశారు, అది చూడాలి. చూసిన ఫైలుకు ఒక చీటీ అంటించాలి. పంపేయడం సబబే అనిపిస్తే ఆకుపచ్చ చీటీ. చెప్పలేకపోతే పసుపు. ఉంచుకుని ఉండాల్సింది అనిపిస్తే ఎరుపు.

పెళ్లయ్యాక ఆమెను ఎవరైనా కుర్చీ వేసి కూర్చోబెట్టి, చదవమని అడగడం అదే మొదటిసారి. మూడు రోజులు బడికి వెళ్లినట్టే వెళ్లింది. నాలుగో రోజు మేడం ఇచ్చిన నంబర్ల కాగితంలో పైనుంచి ఆరోది చిన్నదాని నంబరు.

దొరకలేదని చెప్పొచ్చు. ఫైళ్లు తప్పిపోతూనే ఉంటాయి, ఎవరూ అనుమానించరు. ఆమె ఆ అర ముందు గొంతుక్కూర్చుని ఆ మాటే రెండుసార్లు గొణుక్కుంది. కానీ చెయ్యి గులాబి అట్టల మధ్యకు వెళ్లి అదే తడుముకుంటోంది. చిన్నది ఇంట్లో ఉన్న ఆనవాళ్లన్నీ అత్త తీసేసింది. చూస్తే ఏడుపొస్తుందని చొక్కాలు ఎవరికో ఇచ్చేసింది, ఉయ్యాల గుడ్డ చింపి తలుపులు తుడవడానికి వాడింది. దాని పేరు మీద ఈ భూమ్మీద మిగిలిన వస్తువు ఈ అట్ట ఒక్కటే. ఒక మనిషి ఇన్నాళ్లకు దాన్ని తెరిచి చూస్తానంటోంది. చూడనీ అనుకుంది. అదీగాక ఆ రోజు బిడ్డను ఇంటికి పంపింది ఎవరో, ఏం చూసి పంపారో ఆమెకు ఇప్పటికీ తెలియదు. మందు చీటీ చేతిలో పెట్టి "తగ్గిపోతుందిలే" అన్నారు, అంతే. బిడ్డను ఇంటికి పంపించిన మాట ఒకటి ఈ కాగితాల్లో ఉండే ఉంటుంది. అది ఎవరి నోట్లోంచి వచ్చిందో చూడాలి.

ఆరో ఫైలు వంతు వచ్చింది. ఆమె చదవడం మొదలుపెట్టింది.

"వయసు ఐదు నెలలు. ఆడ. నిన్నటి నుంచి వాంతులు, నిన్న రాత్రి దాకా విరేచనాలు. వివరాలు చెప్పినది: తండ్రి. పాలు: తాగుతోంది. మూత్రం: మామూలు. చురుకుదనం: పరవాలేదు." గొంతు బాగానే ఉంది. తనకే ఆశ్చర్యం వేసింది. "తల్లి ఆందోళన..."

"ఊఁ?"

"లేదు. పక్కన రాశారు మేడం. 'తల్లి నవ్వుతూ ఉంది' అని."

మేడం కొట్టడం ఆపి కళ్లజోడు సర్దుకుంది. "పాలు తాగుతోంది, మూత్రం సరిగా ఉంది, తల్లికి బెంగ లేదు. వాళ్ల ముందు ఉన్న సమాచారం ఇదే. పంపడం సబబే. ఆకుపచ్చ పెట్టు."

ఆకుపచ్చ చీటీ ఆమె వేలికి అంటుకుని ఉంది.

ఏడాదిన్నర కిందట ఆ రోజు సాయంత్రం నాలుగు గంటలకు, ఇదే కట్టడం కింది అంతస్తులో, ఆమె భుజాన చిన్నదాన్ని వేసుకుని నర్సు బల్ల ముందు నిలబడింది. చేతిసంచిలో ఒక గుడ్డ ఉంది. పొద్దున తొమ్మిదింటికి చిన్నదానికి కట్టిన గుడ్డ అది, మూడున్నరకు విప్పితే పొడిగా ఉంది. డాక్టరు నమ్మకపోతే చూపించాలని మడిచి తెచ్చింది. పాలు పొద్దున్నుంచి మూడు గుక్కలు, అవీ కక్కేసింది. ఏడుపులో కన్నీళ్లు రావడం లేదు. ఇవన్నీ బస్సులో వరసగా నెమరు వేసుకుంటూ వచ్చింది, ఒక్కటి కూడా మరిచిపోకూడదని. బల్ల దాకా వచ్చాక భర్త ఆమె మోచెయ్యి పట్టి కొంచెం వెనక్కి జరిపాడు. "నువ్వుండు, నీకు చెప్పడం రాదు. అన్నీ కలిపేసి కంగారు పెడతావు." అతను బట్టల కొట్లో అమ్మకాల మనిషి. కొననని వచ్చినవాళ్లను కూడా నవ్వించి రెండు చీరలు కట్టించి పంపగలడు. నర్సు చాలా అలిసిపోయి ఉంది, కళ్ల కింద నలుపు, మాట పొడిగా వస్తోంది. పాలు తాగుతోందా అని అతన్ని అడిగింది. "తాగుతోందండీ." మూత్రం? "ఆఁ, మామూలే." బిడ్డకు అతను ఒక్కనాడు పాలు పట్టలేదు, ఒక్క గుడ్డ మార్చలేదు. అబద్ధం ఆడాలని కాదు. అడిగిన ప్రశ్నకు జవాబు తెలియదని చెప్పడం మగతనం కాదనుకున్నాడు. ఆమె ఒక అడుగు ముందుకు వేసి, "అది కాదండీ, పొద్దున్నుంచి..." అంది. అతను అందుకున్నాడు. "మా ఆవిడ సంగతి వినకండి సిస్టర్. పిల్ల తుమ్మితే చాలు, తుఫాను హెచ్చరిక చేసేస్తుంది." నర్సు అలిసిపోయిన మొహంలో నవ్వొచ్చింది. వెనక వరుసలో ఇద్దరు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఎందుకు నవ్వింది? ఏడాదిన్నరగా ఆ ఒక్కటే తనను తాను అడగలేదు. పదిమందిలో భర్త హాస్యమాడితే భార్య నవ్వాలి కాబట్టి నవ్వింది. నవ్వకపోతే దారిపొడుగునా, "మొహం అలా మాడ్చుకుని నా పరువు తీశావు" అంటాడు కాబట్టి నవ్వింది. అవమానం జరిగినప్పుడు మొహానికి ఏం చెయ్యాలో తెలియక నవ్వింది. ఆ నవ్వు లోపల ఆమె పళ్లు కటకటలాడాయి. అదెవరికీ వినపడలేదు. నర్సు తలెత్తి చూసింది, గడి నింపింది. ఇంట్లో లేచింది మొదలు పడుకునేదాకా కంగారు, కంగారు, కంగారు అని పిలిపించుకున్న మనిషికి, ఆ కంగారు బిడ్డ ప్రాణం నిలబెట్టగలిగిన ఆ ఒక్క చోట, ఆందోళన లేదని రాశారు. సంచిలో గుడ్డ సంచిలోనే ఉండిపోయింది. మూడో రోజు పొద్దున చిన్నది పోయింది.

"ఏమ్మా, చీటీలు అయిపోయాయా?" అంది మేడం.

"ఆకుపచ్చ వద్దు మేడం."

"ఎందుకని?"

"గుడ్డ తడవలేదు."

"అలా ఎక్కడ రాసుంది? నాకు చూపించు."

"రాయలేదు. ఐదు నెలల పదకొండు రోజులు మేడం. ఐదు నెలలనే వేశారు."

మేడం చేతులు మీటల మీంచి మెల్లగా ఒళ్లోకి దిగాయి. ఓదార్చడానికి లేవలేదు, అందుకు ఆమె మనసులోనే దండం పెట్టుకుంది. తర్వాత మేడం అడిగిన ప్రశ్న మాత్రం సూదిలా దిగింది.

"మరి నర్సుకు నువ్వెందుకు చెప్పలేదమ్మా?"

"అడిగింది ఆయన్ని." ఆమె కాగితం తిప్పి ఆ గడి మీద వేలు పెట్టింది. "ఇది మాత్రం నన్ను అడిగి నింపాల్సిన గడి కదా మేడం. నన్ను చూసి నింపారు."

మేడం లేచి కిటికీ దగ్గరకు వెళ్లి, తిరిగి వచ్చింది. మూడు రోజులుగా ఆకుపచ్చ చీటీలు అంటించిన కట్టను ముందుకు లాక్కుంది. "ఆ ఒక్క గడి మళ్లీ చదువు. అన్నిట్లోనూ."

ఆమె చదివింది. లేదు, తల్లి మాట్లాడలేదు. లేదు, తల్లి నిమ్మళంగా ఉంది. లేదు, తల వంచుకుని నిలబడింది. లేదు. లేదు. తల్లి చెప్పినట్టు ఒక్క వాక్యం చదివినంతలో లేదు. పదిహేడో ఫైలు దగ్గర మేడం చెయ్యి అడ్డం పెట్టింది. "చాలు" అంది. ఆ ఫైలు మూసి, ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టు, "పదిహేనేళ్లు నేనూ చూసే నింపాను" అంది.

ఫైల్లో ఉన్నదాన్ని మార్చే అధికారం మేడంకు లేదు. అది చిన్నదాని కాగితాల్లో ఎప్పటికీ అలాగే ఉంటుంది. కానీ కొత్త కాగితం తీసి, పైన "తల్లి చెప్పినది" అని రాసి, కలం పట్టుకుని ఎదురుచూసింది. ఆమె చెప్పింది. తొమ్మిదింటి గుడ్డ, మూడు గుక్కల పాలు, కన్నీళ్లు లేని ఏడుపు. ఏడాదిన్నర ఆలస్యంగా, ఒక్కటి కూడా మరిచిపోకుండా.

ఆ సాయంత్రం చిన్నదాని ఫైలు చూశానని భర్తతో చెప్పింది. అతను చొక్కా గుండీలు విప్పుతున్నవాడు ఆగిపోయాడు.

"అందులో నా పేరుందా?"

"పేరు లేదు. తండ్రి చెప్పాడని ఉంది."

అతను మంచం మీద కూలబడ్డాడు. మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు, భుజాలు అదిరాయి. బిడ్డ అతనికీ బిడ్డే. ఆమె ఎప్పుడూ కాదనలేదు. పక్కగదిలోంచి అత్త, "మట్టిలో కలిసినదాన్ని మళ్లీ తవ్వుతావెందుకే? వాణ్ని అన్నం తిననీ" అంది. అతను చేతుల్లోంచే అన్నాడు, "నువ్వైనా చెప్పాల్సింది. తల్లివి కదా, నన్ను తోసేసైనా చెప్పాల్సింది."

ఇదివరకైతే దగ్గరకు వెళ్లి వీపు నిమిరేది, తప్పు తనదేనని ఒప్పుకునేది, అన్నం కలిపి పెట్టేది. ఆమె ఉన్నచోటే ఉంది. పెద్దదాన్ని ఒళ్లోకి తీసుకుని జడ అల్లడం మొదలుపెట్టింది. తోసేసి చెప్పడం ఎలాగో తనకు ఎవరూ నేర్పలేదు, నిజమే. దీనికి నేర్పాలి.

మర్నాటి నుంచి మధ్యాహ్నం తిండి వేళ ఆమె కిందికి దిగి, పిల్లల డాక్టరు గది ముందు వరుసలో నిలబడ్డ ఆడవాళ్ల దగ్గరకు వెళ్లడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. "ఫైళ్లు మోసేదానివి, డాక్టరమ్మవి ఎప్పుడయ్యావ్?" అని పెద్దగుమాస్తా ఎకసెక్కం చేశాడు. "కాలేదండీ. అడుగుతున్నాను, అంతే" అంది. పాలు తాగిందా, గుడ్డ ఎప్పుడు తడిసింది, నీకేమనిపిస్తోంది. కొందరు విసుక్కున్నారు. కొందరు గలగలా చెప్పేశారు. చెప్పినవాళ్లను వేలు పట్టుకుని నర్సు దగ్గరకు తీసుకెళ్లి, "ఈవిడ మాట వినండి" అని వచ్చేసేది.

నిన్న ఒక పిల్ల కనిపించింది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టుకుంది. ఒళ్లో నెలల పిల్లాడు, నీలం గళ్ల దుప్పటిలో, వరుస అంత గోలగా ఉన్నా కదలకుండా నిద్రపోతున్నాడు. పక్కన భర్త గడియారం చూసుకుంటున్నాడు. "పాలు తాగాడామ్మా?" అని అడిగింది ఆమె. ఆ పిల్ల ముందు భర్త వైపు చూసింది. "బానే ఉన్నాడండీ, ఊరికే దీని కంగారు" అన్నాడతను. "ఏం లేదక్కా" అని ఆ పిల్ల నవ్వింది.

ఆ నవ్వు ఆమెకు తెలుసు. మళ్లీ అడగబోయేలోపే పెద్దగుమాస్తా మెట్ల మీంచి కేకేశాడు, ఏవో ఫైళ్లు అర్జంటన్నాడు. వెతికి ఇచ్చి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి వాళ్ల చోటు ఖాళీగా ఉంది. "వరుస చూసి విసుగొచ్చి వెళ్లిపోయారు, బాబు నిద్రపోయాడుగా, తగ్గిందన్నాడు అతను" అని వెనకావిడ చెప్పింది. ఆమె గేటు దాకా, గేటు దాటి బస్సులు ఆగే చోటు దాకా వెళ్లి చూసింది. ఇంకా చీటీ రాయించుకోలేదు కాబట్టి ఆ పిల్లాడికి నంబరు లేదు, ఫైలు లేదు, ఏ అరలో వెతికినా దొరకడు.

ఇది చదువుతున్న మీ వీధిలోనో, మీ పైవాటాలోనో వాళ్లు ఉండొచ్చు. ఈపూటే ఒకసారి వెళ్లి తలుపు తట్టండి. భర్త తలుపు తీస్తే అంతా బానే ఉందంటాడు. ఆమెను పిలవమనండి. పిల్లాడు పాలు తాగాడా అని ఆమెనే అడగండి. ముందు నవ్వుతుంది. ఆ నవ్వు అయిపోయేదాకా అక్కడే నిలబడండి.